చీకటిగదిలో వంట

మీ గోడమీది అమ్మమ్మ పెళ్ళి ఫొటో ఒకసారి దింపి చూడండి. నలుపు తెలుపుల్లో ఎంత ముచ్చటగా ఉంది కదూ! అది కెమెరాలోనే పుట్టిందనుకుంటాం. కానీ కెమెరాలోంచి తీసిన ఫిల్ముమీద కంటికేమీ కనిపించదు. ముఖం తేలేది చీకటిగదిలో, డెవలపర్ అనే మందునీళ్ళలో.

తయారుమందు కొనకుండా ఇంట్లోనే కలుపుకున్నవాళ్ళు ఎందరో! అదీ ఒక వంటే. 1927 నాటి కోడక్ వారి డి-76 పాకం చూడండి. ముప్పాతిక లీటరు వేడినీళ్ళలో మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100, హైడ్రోక్వినోన్ 5, పచారీ కొట్లో దొరికే వెలిగారం 2 గ్రాములు. ఆపైన చన్నీళ్ళు పోసి లీటరు చెయ్యాలి. వరస తప్పకూడదు. సల్ఫైటంతా ముందే గుమ్మరిస్తే మెటాల్ కరగనని మొండికేస్తుంది, ముదురు పాకంలో పోసిన అరిసెల పిండిలాగా!

వెలుగు సోకిన చోట వెండి ఉప్పుని నల్లని వెండిగా మార్చేవి మెటాల్, హైడ్రోక్వినోన్. అవి గాలికి చెడకుండా కాచేది సల్ఫైటు. వాటిని పనిలోకి తోసేది వెలిగారం. మందు 20 డిగ్రీల దగ్గరుంటే మేలు. పాలమూరు ఎండల్లో అదెలా సాధ్యం? పళ్ళెం చుట్టూ ఐసుముక్కలు పేర్చాల్సిందే. వంటన్నాను గాని, వంటగిన్నెలు మాత్రం అటు పోనివ్వకండి. ఇవి విషాలు.

అంతకుముందు తరం వాడిన పైరోగాలాల్‌కి మూలం మాచికాయ. అవునండీ, బాలింత మందుల్లో వేసే మాచికాయే! 1995లో అమెరికాలోని రోచెస్టర్ సాంకేతిక విద్యాసంస్థలో స్కాట్ విలియమ్స్ అనే అధ్యాపకుడూ ఆయన విద్యార్థులూ ఇన్‌స్టంట్ కాఫీ, బట్టల సోడాలతో కూడా ఫిల్ము కడిగారు.

మందెంత బాగా కుదిరినా, ముందు ముఖం కెమెరాకి ఎదురుపడాలిగా? పరదా చాటు ఆడవాళ్ళ మాటేమిటి? పాలమూరుకి మహబూబ్‌నగర్ అన్న పేరు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది. ఆయన ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాదులో స్త్రీలకోసమే జనానా స్టూడియో తెరిచారు. దాని బాధ్యత మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనితది. కెమెరా వెనక ఆడమనిషి ఉండబట్టే ఎందరో స్త్రీలు ధైర్యంగా దాని ముందు కూర్చోగలిగారు.

ఇంతకీ, దింపిన ఫొటో మళ్ళీ తగిలించేముందు వెనక్కి తిప్పండి. అమ్మమ్మ పేరుందా? లేకపోతే మెత్తని పెన్సిలుతో ఇప్పుడే రాసెయ్యండి. ఆ ముఖాన్ని చీకటిగది కాపాడింది. పేరు కాపాడే పని మనది.