మున్షీ లేని అర్జీ

మా అబ్బా తహశీలు ఆఫీసు ముందు వేపచెట్టు కింద కూర్చుని అర్జీలు రాసేవారు. ఊళ్ళో అందరికీ ఆయన మున్షీగారే. ఎవరొచ్చినా పేరు అడిగి, సరిగా వినబడకపోతే మళ్ళీ అడిగి, అప్పుడు కలం తీసేవారు. ఆయన ఇంతెకాల్ అయ్యాక అమ్మీ పింఛను కోసం అర్జీ పెట్టాల్సి వచ్చింది. ఈసారి చెట్టు లేదు, మున్షీ లేడు, కంప్యూటర్లో ఒక వెబ్ అప్లికేషన్ ఉంది. అది మూడు నెలలు మమ్మల్ని తిప్పింది. ఆ గుస్సాలోనే దీని తారీఖ్ తిరగేశాను. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ ఒక్కటే కాదు, చరిత్ర కూడా.

1989లో జెనీవా దగ్గర సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్ నక్షా గీసినప్పుడు అది ముఖ్యంగా కితాబ్‌ఖానా లాంటిది. కాగజ్ అడిగితే సర్వర్ అల్మారాలోంచి తీసి ఇస్తుంది, అంతే. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఎన్‌సీఎస్‌ఏ వాళ్ళు సీజీఐ అనే ఇంతెజాం చేశారు. మనం నింపిన ఫారం సర్వర్‌కి చేరగానే అది ఒక ప్రోగ్రామ్‌ని లేపి దాని చేతికిస్తుంది. ఆ ప్రోగ్రామ్ హిసాబు చూసి, అప్పటికప్పుడు జవాబు కాగజ్ తయారుచేసి పంపుతుంది. అంతకు ముందు ఏ అల్మారాలోనూ లేని కాగజ్ అది. నన్నడిగితే వెబ్ అప్లికేషన్ పుట్టింది ఇక్కడే.

కానీ ఈ కొత్త మున్షీకి ఒక ఐబు ఉంది. యాద్ ఉండదు. ఒక కాగజ్ ఇచ్చి రెండోది ఇచ్చేలోపు మనమెవరో మరిచిపోతుంది. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసే లూ మాంటుల్లి దానికి ఉపాయం చూశాడు. దర్గా దగ్గర చెప్పుల స్టాండువాడు ఇచ్చే బిళ్ళలాంటి చీటీ ఒకటి మన బ్రౌజర్ చేతిలో పెట్టాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు బిళ్ళ చూపిస్తే గుర్తుపడుతుంది. దాని పేరు కుకీ.

1995లో రాస్మస్ లెర్‌డార్ఫ్ పీహెచ్‌పీ విడుదల చేశాడు, మామూలు వాళ్ళు కూడా ఇలాంటివి కట్టడం ఆసాన్ అయింది. అదే ఏడు బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపం తయారుచేశాడు. గడి ఖాళీగా వదిలితే ఫారం పంపకముందే ఎర్ర అక్షరాలతో మందలించేది సాధారణంగా ఆ భాషే. 1996లో చండీగఢ్ కుర్రాడు సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి హాట్‌మెయిల్ తెరిచారు. ఉత్తరాల సందూక్ మన మెషీన్లో లేకపోయినా దునియాలో ఎక్కడినుంచైనా తెరవొచ్చని జనానికి అప్పుడు తెలిసింది. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక పేజీ మొత్తం మళ్ళీ తెచ్చుకోకుండా కావలసిన ముక్క మాత్రమే తెచ్చుకోవడం రివాజు అయింది.

ఎదురుగా కనిపించే బ్రౌజర్, లోపల పనిచేసే ప్రోగ్రామ్ కాక మూడోది డేటాబేస్. మా పంచాయితీ అంతా అక్కడే. వెబ్ పుట్టకముందే, 1970లో ఐబీఎంలో ఎడ్గర్ కాడ్ దీనికి లెక్క రాసిపెట్టాడు. సమాచారమంతా పట్టికల్లో ఉండాలి, ఏ గడిలోది ఆ గడిలోనే. అబ్బా బహీలో మార్జిన్ ఉండేది. "ఈమె ఫలానా వారి కోడలు, కార్డులో పేరు వేరే" అని అక్కడ చిన్నగా రాసుకునేవారు. ఈ పట్టికకి మార్జిన్ లేదు. కావాలనుకుంటే ఆ గడి కూడా పెట్టొచ్చు. పెట్టాలన్న ఖయాల్ కట్టినవాడికి రావాలి.

రేషన్ కార్డులో అమ్మీ పేరు చివర బీ. బ్యాంకు పాస్‌బుక్‌లో బేగం. ఇక షేక్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉర్దూ ఖే శబ్దానికి సరిపోయే అక్షరం ఇంగ్లీషులో లేదు, కాబట్టి ఒక గుమాస్తా చివర హెచ్ పెట్టాడు, ఒకడు మానేశాడు. ప్రోగ్రామ్ రెండు పేర్లూ పక్కన పెట్టి బరాబరా కాదా అని అక్షరం అక్షరం చూసింది. కాదంది. ఇది మెషీన్ తప్పు కాదు, దానికి చెప్పిన హుకుం అదే. బీ, బేగం మా ఇళ్ళలో ఆడవాళ్ళ పేర్ల వెనక అదబ్‌గా చేర్చే మాటలని ఆ హుకుం రాసినవాడికి తెలియదు, ఎవర్నీ అడగలేదు. 2010లో ప్యాట్రిక్ మెకెంజీ అనే ప్రోగ్రామర్, జపాన్‌లో తన పేరుతో తానే తిప్పలు పడి, పేర్ల గురించి ప్రోగ్రామర్లకుండే 40 తప్పుడు నమ్మకాల జాబితా రాశాడు. మనిషికి ఒకే పేరు ఉంటుందనుకోవడంతోనే అది మొదలవుతుంది.

ఆఖరికి నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి, స్కాన్ చేసి ఎక్కించాం. ప్రోగ్రామ్‌కి అది ఉత్త బొమ్మ. కానీ ఆఫీసులో ఎవరో అమ్మాయి దాన్ని తెరిచి చదివి, ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, బీ అన్నా బేగం అన్నా మీరేనా?"

"హౌ బేటీ, మైచ్" అంది అమ్మీ. నేనే అని.

ఆ సాయంత్రానికే ఎర్ర అక్షరాల జాగాలో మంజూరు అని వచ్చింది.