దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధిగ్రస్తులకు ఆహారం – నెల్లూరు మెట్ట ప్రాంత నేపథ్యం

చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట గ్రామాలలో ఏళ్ల తరబడి దగ్గు, ఆయాసములతో బాధపడువారికి బీడీ, చుట్ట అలవాటు ఒక్కటే కారణం కాదు. కట్టెల పొయ్యి పొగ, పనిచోటి ధూళి సైతం కారణములే. 1999లో దీపం, 2016లో ఉజ్జ్వల పథకాలు వంటగ్యాసును గ్రామాలకు చేర్చినను, అంతకు మునుపు పీల్చిన పొగ ప్రభావం వృద్ధ మహిళలను వీడకపోవచ్చును.

ఈ వ్యాధి (సి.ఓ.పి.డి.) ఆహారంతో నయము కాదు. "ఊపిరితిత్తులను శుద్ధి చేయు ఆహారములు" వంటి శీర్షికలను పత్రికలు పరిహరించుట మేలు. ఆహారం చేయు మేలు వేరు. ఈ రోగికి ఊపిరి పీల్చుటకే అధిక శక్తి ఖర్చగును. కడుపు నిండినంతనే ఆయాసం పెరుగుటచే తిండి తగ్గించును. బరువు తగ్గిన కొలది శ్వాస కండరములు సైతం క్షీణించును. 2004లో వెలువడిన బోడ్ సూచిక, బి.ఎం.ఐ. 21 లేక అంతకు తక్కువ ఉండుటను ప్రమాద సంకేతంగా లెక్కించినది. అనగా 160 సెంటీమీటర్ల ఎత్తు గలవారికి సుమారు 54 కిలోలు; చూపులకు బక్కపలచగా కనిపించని బరువే. పోషణ లోపించిన రోగులకు అదనపు పోషణతో బరువు పెరిగినదని 2012 నాటి కోక్రేన్ సమీక్ష తెలిపినది.

ఇచట అడ్డుపడునది పత్యము. ఆయాసం ఉన్నవారికి పెరుగు, అరటిపండు, గుడ్డు పడవని మాన్పించుట పరిపాటి. పాలు కఫమును పెంచునని నిరూపణ కాలేదు. తాగిన పిదప గొంతులో చిక్కదనం తోచును, అంతియే. వైద్యులు గుర్తించిన అలర్జీ ఉన్నచో తప్ప, మాంసకృత్తులనిచ్చు ఆహారమును మాన్పించుట హానికరము. ఖరీదైన డబ్బా పొడులు అందరికీ అక్కరలేదు. రాగి సంగటి, పప్పు, వేరుశనగ, గుడ్డు, పెరుగు చాలును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియం గలదు. స్టెరాయిడ్ మాత్రలు దీర్ఘకాలం వాడి ఎముకలు బలహీనపడువారికి ఇది ముఖ్యము.

రెండు పూటల నిండుగా తినుటకు బదులు, కొద్దికొద్దిగా ఐదారు మార్లు, కాసేపు విశ్రమించి, నిటారుగా కూర్చుని తినవలెను. కాళ్లవాపు ఉన్నచో ఊరగాయ, అప్పడములు తగ్గించవలెను. మధుమేహం, మూత్రపిండ వ్యాధి గలవారు వైద్యుని అడిగియే ఆహారం మార్చుకొనవలెను. ఇంట ఆక్సిజన్ వాడువారు పొయ్యి దరికి పోరాదు.

ఆరోగ్య సిబ్బంది ప్రతి సందర్శనలోను బరువు నమోదు చేయుట అవసరము. ప్రయత్నించకయే ఆరు నెలలలో 5 శాతానికి మించి బరువు తగ్గినచో వ్యాధి ముదిరినదని సరిపెట్టుకొనక, కఫ పరీక్షకు పంపవలెను. క్షయ కూడ ఇటులనే కృశింపజేయును. క్షయ నిర్ధారణ అయినవారికి చికిత్సా కాలంలో నిక్షయ్ పోషణ్ యోజన సాయం 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలు. క్షయ లేని సి.ఓ.పి.డి. రోగులకు ఈ సాయం వర్తించదు గనుక, వార్తలలో రెంటిని కలిపి వ్రాయరాదు.