ఛాయాచిత్రములందలి మత్స్యకారులు - నామవిచారము

ఎడ్గార్ థర్‌స్టన్ 1885 మొదలు 1908 వఱకు చెన్నపురి ప్రభుత్వ మ్యూజియమునకు అధ్యక్షుఁడుగా నుండెను. ఆయన కె. రంగాచారి తోడ్పాటుతో 1909వ సంవత్సరమున ఏడు సంపుటములుగాఁ బ్రకటించిన దక్షిణహిందూదేశ కులవర్ణనగ్రంథమున బెస్త, జాలరి, పల్లె, వాడ మొదలగు తెలుఁగు మత్స్యకారుల వృత్తాంతములు గలవు. ఆనాఁటి జాతిపరిశోధకులు మనుష్యుల తలలను, ముక్కులను గొలిచి, ఛాయాచిత్రములను దీసిరి. అట్టి చిత్రముల క్రింద కులనామమే కాని వ్యక్తినామము ప్రాయికముగాఁ గానరాదు.

పతంజలి మహాభాష్యమున శబ్దప్రవృత్తి జాతి, గుణ, క్రియా, యదృచ్ఛా భేదములచే నాలుగు విధములని చెప్పఁబడెను. జాలశబ్దమునుండి పుట్టిన 'జాలరి' వృత్తిద్వారమున జాతిని దెలుపును. ఆ వల పట్టి నిలిచినవాఁ డెవఁడో తెలుపదు. అమరసింహుఁడును కైవర్త, దాశ, ధీవర శబ్దములను శూద్రవర్గమందలి శిల్పులతోఁ గాక, వారివర్గమున నావతో, వలతో, మత్స్యములతోఁ జేర్చెను. అది నిఘంటువునకుఁ దగిన క్రమమే; చరిత్రకు మాత్రము చాలదు.

నలగామరాజు రాజధానియైన గురజాల యిందుకు నిదర్శనము. 12వ శతాబ్ది పల్నాటి వీరుల పేళ్లు కారెంపూడి తిరునాళ్లలో నేఁటికిని స్మరింపఁబడుచున్నవి. దైద కడ నదే కృష్ణలో వల విసరి బ్రదికినవారి పేళ్లను దలఁచు తిరునాళ్లు లేవు. కావున నిట్టి చిత్రములను బ్రదర్శించువారు తొలుత వానిని మత్స్యకార గ్రామములకుఁ గొనిపోయి, వృద్ధులకుఁ జూపి, గుర్తింపఁబడిన ప్రతి ముఖము క్రిందను కులనామమునకు ముందు వ్యక్తినామమును వ్రాయవలయును. యదృచ్ఛాశబ్దము లేని చిత్రము జాతికి సాక్ష్యమగును గాని మనుష్యునకుఁ గానేరదు.