అర పాయింటు కథ: చదరంగంలో డ్రా

చదరంగంలో డ్రాకు ప్రధానంగా ఐదు దారులున్నాయి. ఆటగాళ్లిద్దరూ మాట్లాడుకుని ఒప్పుకోవచ్చు. ఒకే స్థితి మూడుసార్లు రావచ్చు. ఇరువైపులా యాభై ఎత్తుల పాటు ఒక్క బంటూ కదలక, ఒక్క పావూ చావక పోవచ్చు. ఆటకట్టుకు చాలినన్ని పావులు బల్లమీద మిగలకపోవచ్చు. ఇక ఐదోది స్టేల్‌మేట్: రాజుకు చెక్ లేదు, కానీ ఎత్తు వేయాల్సినవాడికి వేయడానికి ఎత్తే లేదు.

ఈ నియమాలన్నీ ఒక్కసారి పుట్టినవి కావు. యాభై ఎత్తుల హద్దును స్పెయిన్ పూజారి రుయ్ లోపెజ్ 1561లో అచ్చయిన తన గ్రంథంలోనే చెప్పాడు. స్టేల్‌మేట్ మాత్రం చాలాకాలం కుదురుకోలేదు. 17, 18 శతాబ్దాల ఇంగ్లండులో ఎదుటివాడిని అలా కదలనివ్వకుండా చేసినవాడే ఓడినట్టు లెక్క. అది డ్రాగా స్థిరపడింది 19వ శతాబ్దిలోనే.

టోర్నమెంట్లు మొదలైన తొలినాళ్లలో డ్రాకు విలువే లేదు. 1862 లండన్ టోర్నమెంటులో ఆట డ్రా అయితే దాన్ని పక్కనపెట్టి మళ్లీ ఆడించారు. స్కాట్లండులోని డండీలో 1867లో జరిగిన పోటీ చెరి అర పాయింటు ఇచ్చి కొత్త దారి చూపింది. ప్రపంచ టైటిల్ పోటీలు మాత్రం తరచూ గెలుపులనే లెక్కించాయి. 1886లో స్టైనిట్జ్, జుకర్టోర్ట్ తలపడ్డప్పుడు ముందుగా పది ఆటలు గెలిచినవాడే విజేత. స్టైనిట్జ్ పది గెలిచి, ఐదు ఓడాడు. డ్రా అయిన ఐదూ లెక్కలోకి రాలేదు.

డ్రాను అర్థం చేసుకోవడానికి కావలసిన ఆలోచనను ఇచ్చిందీ స్టైనిట్జే. ఇరుపక్షాలూ సరిసమానంగా ఉన్న స్థితిలో, ఇద్దరూ సరైన ఎత్తులే వేస్తే ఆట డ్రాగానే ముగియాలి. ఎవరో ఒకరు తప్పు చేస్తేనే గెలుపు పుడుతుంది. కాబట్టి డ్రా అయిన ఆటను విశ్లేషించేవారి ముందు రెండే ప్రశ్నలుంటాయి. తప్పే జరగలేదా? లేక జరిగిన తప్పును ఎదుటివాడు పట్టుకోలేకపోయాడా?

ఆటగాళ్ల నైపుణ్యం పెరిగేకొద్దీ డ్రాలూ పెరిగాయి. 1927లో బ్యూనస్ ఎయిరిస్‌లో ప్రపంచ టైటిల్‌కు కావలసిన ఆరు గెలుపుల కోసం కాపాబ్లాంకా, అలెఖిన్ 34 ఆటలు ఆడాల్సివచ్చింది. అలెఖిన్ ఆరు, కాపాబ్లాంకా మూడు గెలిస్తే మిగిలిన 25 డ్రాలే. చదరంగం డ్రాల్లో మునిగి చచ్చిపోతుందని భయపడ్డ కాపాబ్లాంకా బల్లనే పెద్దది చేయాలని ప్రతిపాదించాడు.

1962లో ప్రపంచ విజేతతో తలపడేవారిని తేల్చే కురసావ్ క్యాండిడేట్స్ టోర్నమెంటు మరో అనుమానాన్ని రేపింది. సోవియట్ ఆటగాళ్లు పెట్రోస్యాన్, కెరెస్, గెల్లెర్ తమలో తాము ఆడిన 12 ఆటలూ డ్రా చేసుకున్నారు. అవి సగటున ఇరవై ఎత్తుల లోపే ముగిశాయి. ముగ్గురూ కూడబలుక్కున్నారని బాబీ ఫిషర్ బహిరంగంగా ఆరోపించాడు. ఆ తర్వాత అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడె క్యాండిడేట్స్‌ను ముఖాముఖి మ్యాచ్‌లుగా మార్చింది.

1984 సెప్టెంబరులో మాస్కోలో మొదలైన కార్పోవ్, కాస్పరోవ్ పోరులోనూ ఆరు గెలుపులే గురి. పదో ఆట నుంచి 26వ ఆట వరకు వరుసగా 17 డ్రాలు వచ్చాయి. 48 ఆటల తర్వాత కార్పోవ్ ఐదు, కాస్పరోవ్ మూడు గెలిచి ఉండగా, 1985 ఫిబ్రవరిలో ఫిడె అధ్యక్షుడు కంపోమానెస్ మ్యాచ్‌ను ఆపేశాడు. డ్రాలు 40. ఆ తర్వాత ప్రపంచ టైటిల్ పోటీలకు ఆటల సంఖ్య పరిమితమైంది.

1995 న్యూయార్క్ మ్యాచ్‌లో కాస్పరోవ్, విశ్వనాథన్ ఆనంద్ తొలి ఎనిమిది ఆటలూ డ్రా చేసుకున్నారు. 2000లో లండన్‌లో క్రామ్నిక్ నల్లపావులతో బెర్లిన్ రక్షణను గోడలా నిలబెట్టాడు. కాస్పరోవ్ ఒక్క ఆటా గెలవలేక టైటిల్ కోల్పోయాడు. 15 ఆటల్లో 13 డ్రాలు. పోరాడకుండా చేతులు కలపడాన్ని అడ్డుకోవడానికి 2005 సోఫియా టోర్నమెంటు ఆటగాళ్లు నేరుగా డ్రా అడగకూడదని నిషేధించింది. 2008లో బిల్బావో టోర్నమెంటు గెలుపుకు మూడు, డ్రాకు ఒక పాయింటు ఇచ్చింది.

విశ్లేషణ పద్ధతి కూడా ఈలోగా మారిపోయింది. ఒకప్పుడు ముగియని ఆటను వాయిదా వేసేవారు. తర్వాతి ఎత్తును కవరులో మూసిపెట్టి, సహాయకులతో కలిసి రాత్రంతా స్థితిని శోధించేవారు. కంప్యూటర్లు బలపడ్డాక 1990లలో ఆ ఆచారం పోయింది. 2012 నాటికి మాస్కో విశ్వవిద్యాలయంలోని లొమొనోసోవ్ సూపర్‌కంప్యూటర్ రాజులతో కలిపి ఏడు పావులు మిగిలిన స్థితులకు కచ్చితమైన ఫలితాలు లెక్కగట్టింది.

ఆ శక్తి డ్రాలో ఏం చూపగలదో 2018 లండన్ ప్రపంచ పోటీ తెలిపింది. మాగ్నస్ కార్ల్‌సన్, ఫాబియానో కరువానా రేటింగుల మధ్య తేడా మూడే పాయింట్లు. వారు ఆడిన 12 క్లాసికల్ ఆటలూ డ్రా అయ్యాయి. ప్రపంచ టైటిల్ చరిత్రలో ఇది మొదటిసారి. మొదటి ఆట 115 ఎత్తులు సాగింది. నల్లపావులతో ఆడిన కార్ల్‌సన్ గెలిచే అవకాశాలను చేజార్చుకున్నాడు.

ఆరో ఆట మరింత లోతైనది. పెట్రోఫ్ రక్షణలో ఇబ్బందిపడ్డ కార్ల్‌సన్ ఒక పావును వదులుకుని, బంట్లతో కోటకట్టి నిలబడ్డాడు. 68వ ఎత్తు దగ్గర కరువానాకు గెలుపు ఉందని మరో సూపర్‌కంప్యూటర్ చూపింది. శకటును బల్ల అంచుకు జరిపి, తర్వాత గుర్రాన్ని బయటికి రాలేనట్టు కనిపించే జీ1 గడిలోకి పంపాలి. తన గుర్రాన్ని తానే చెరలో వేసుకోవడం ఏ మనిషికీ సహజంగా తోచదు. కరువానాకూ తోచలేదు, 80 ఎత్తులకు ఆట డ్రా అయింది. తప్పు జరిగింది, పట్టుకోవడం మనిషి చూపుకు అందలేదు.

పన్నెండో ఆటలో కార్ల్‌సన్‌దే పైచేయి, గడియారంలోనూ అతనికే ఎక్కువ సమయం ఉంది. అయినా 31వ ఎత్తు వద్ద డ్రా ప్రతిపాదించాడు. వేగంగా ఆడే టైబ్రేక్‌లో తనకు బలం ఎక్కువని నమ్మాడు. నవంబరు 28న 3-0తో గెలిచి టైటిల్ నిలుపుకున్నాడు. స్టైనిట్జ్ నాటి రెండు ప్రశ్నలకూ ఈ ఆట లొంగదు. దీన్ని విశ్లేషించేవారు బల్లతోపాటు గడియారాన్ని, మ్యాచ్ స్కోరును, రాబోయే టైబ్రేక్‌ను కూడా చూడాలి.

2025 జులైలో బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ కూడా అలాగే తేలింది. కోనేరు హంపి, దివ్యా దేశ్‌ముఖ్ రెండు క్లాసికల్ ఆటలూ డ్రా చేసుకోగా, టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. ఒకప్పుడు పక్కనపెట్టి మళ్లీ ఆడించిన డ్రా ఇప్పుడు స్కోరుషీటులో అర పాయింటుగా నిలుస్తోంది. ఆ అర పాయింటు వెనుక తప్పులేని ఆట ఉందా, చూపుకందని గెలుపు ఉందా, లెక్కవేసుకున్న రాజీ ఉందా అన్నది ఎత్తులను ఒక్కొక్కటిగా మళ్లీ వేసి చూస్తేనే తెలుస్తుంది.