పోయిన సొత్తు – బాధ్యత ఎవరిది?

యాత్రికులతో కిటకిటలాడే తిరుపతిలో సెల్‌ఫోను పోవడం నిత్యం జరిగే సంగతే. పోయిన ఫోను విషయంలో ఎవరి బాధ్యత ఎంత? వస్తువు కొత్తదే గాని ప్రశ్న చాలా పాతది.

దొరికిన సొత్తును ఫిఖ్హ్ పరిభాషలో ‘లుఖతా’ అంటారు. దాని సంచినీ, కట్టిన తాడునూ గుర్తుంచుకొని ఏడాదిపాటు ప్రకటించాలని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు జైద్ బిన్ ఖాలిద్ (రజి) ఉల్లేఖించారు. తప్పిపోయిన ఒంటెను మాత్రం ముట్టవద్దన్నారు. మేత, నీరు అది తానే చూసుకోగలదు గనుక. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో అటువంటి ఒంటెలు స్వేచ్ఛగా తిరిగేవి. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో వాటిని ప్రకటించి, అమ్మి, యజమాని వచ్చినప్పుడు సొమ్ము అప్పగించేవారని ఇమామ్ మాలిక్ ‘మువత్తా’ వలన తెలుస్తున్నది. పద్ధతి మారింది గాని, సొత్తు యజమానికి చేరాలన్న ఉద్దేశం మారలేదు.

పదిమందికీ పనిచేసే చాకలి, దర్జీ వంటివారి వద్ద వస్తువు పోతే? వారి చేతలవల్ల చెడితేనే బాధ్యత అన్నారు ఇమామ్ అబూ హనీఫా. తప్పించుకోలేని ఆపద అయితే తప్ప పరిహారం చెల్లించవలసిందే అన్నారు ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్.

ఫోను కంపెనీకి అప్పగించిన వస్తువు కాదు, మన జేబులోనిది. కనుక దాని వెల కంపెనీని అడగలేము. అయితే దాని గుర్తు కంపెనీకి తెలుసు. 15 అంకెల ఐఎంఈఐ నంబరు సిమ్ మార్చినా మారదు. ఫోను నెట్‌వర్కులో చేరినప్పుడు బయటపడుతుంది. గుర్తు తెలిసినవానికి ఆ మేరకు బాధ్యత కూడా ఉంటుంది.

ఈ బాధ్యతకు మన దేశంలో రూపం ఆలస్యంగా వచ్చింది. 2019 సెప్టెంబరులో మహారాష్ట్రలో మొదలైన కేంద్ర రిజిస్టరు (సీఈఐఆర్) 2023 మే నెలలో దేశమంతటా అమలయింది. ఒక్క ఫిర్యాదుతో అన్ని కంపెనీల నెట్‌వర్కులలోనూ ఫోను నిలిచిపోతుంది. ఐఎంఈఐ మార్చినవారికి 3 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం విధించింది.

2022 ఏప్రిల్ 4న చిత్తూరు, తిరుపతి వేరువేరు జిల్లాలయ్యాక, చిత్తూరు పోలీసులు ‘చాట్ బాట్’, తిరుపతి పోలీసులు ‘మొబైల్ హంట్’ పేర్లతో వాట్సప్‌లోనే ఫిర్యాదులు స్వీకరించి, దొరికిన ఫోన్లను యజమానులకు అప్పగించారు.

అయినా రిజిస్టరు మొదటి బాధ్యతను తొలగించదు. రసీదు లేని ఫోనును చవకగా కొన్నవాడు ఎవరి నష్టాన్ని కొంటున్నాడో ఆలోచించాలి. బస్టాండులో దొరికిన ఫోను మోగినప్పుడు ఎత్తి జవాబు చెప్పడమే ఈనాటి ప్రకటన.