బేగంపేట నుంచి హాన్లే దాకా: ఒకే కొలత టెలిస్కోపుల కథ



కిందటి వారం గ్రూపులో ఒకరు లడఖ్‌లోని హాన్లే టెలిస్కోపు ఫొటో పెట్టి, దీన్ని బెంగళూరు దగ్గర కూర్చుని నడుపుతారట, కంప్యూటర్లు వచ్చాక ఎన్ని వింతలో అని రాశారు. దాని కింద ఇంకొకరు, అదంతా తెల్లవాళ్ళ సరుకు, మనవాళ్ళు కొనుక్కొచ్చి బిగించుకున్నారు అన్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఈ కథ కంప్యూటర్ల కంటే చాలా ముందే మొదలైంది, అదీ మన హైదరాబాద్ మీదుగా నడిచింది. పోస్టు కొంచెం పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి.

1887 ఏప్రిల్‌లో పారిస్‌లో ఒక సభ జరిగింది. మన యానాం అప్పుడు ఫ్రెంచివాళ్ళ పాలనలోనే ఉంది, కానీ ఆ సంగతి ఇక్కడ ఎవరికి తెలిసి ఉంటుంది లెండి. పారిస్ అబ్జర్వేటరీ డైరెక్టర్ అడ్మిరల్ ముషే ఆ సభను పిలిచాడు. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టీ రాయాలన్నది ఆలోచన. ఒక్క అబ్జర్వేటరీ వల్ల అయ్యే పని కాదు. అందుకని ఆకాశాన్ని పొలం గట్లలాగా అడ్డంగా పట్టీలుగా కోసి, ఇరవై దాకా అబ్జర్వేటరీలకు పంచారు.

పంచడం తేలికే. ఎవరి కెమెరా వాళ్ళు, ఎవరి కొలత వాళ్ళు వాడితే ఆ ఫొటోలు ఒకదానితో ఒకటి అతకవు. మన రైల్వేలో బ్రాడ్‌గేజి, మీటర్‌గేజి కలిసే స్టేషన్లలో ఏం జరిగేదో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సరుకంతా కూలీలు ఒక వ్యాగన్‌లోంచి దించి ఇంకో వ్యాగన్‌లోకి ఎక్కించేవాళ్ళు. ఆ బాధ లేకుండా పారిస్ సభ ఒక నమూనా ఒప్పుకుంది. ఆన్రీ అన్నదమ్ములు పాల్, ప్రాస్పర్ తయారుచేసిన టెలిస్కోపే ఆ నమూనా. లెన్సు సుమారు 13 అంగుళాలు, ఫోకల్ దూరం సుమారు 3.4 మీటర్లు. ఎక్కడ తీసినా ప్లేటు మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో 60 ఆర్క్‌సెకండ్లు. ప్రతి ప్లేటు మీదా 5 మిల్లీమీటర్లకొక గీత చొప్పున గళ్ళు ముద్రించాలి. ఆ గళ్ళ పట్టు ఉంటేనే పారిస్‌లో కొలిచినా, ఇంకెక్కడ కొలిచినా లెక్క ఒకటవుతుంది.

ఇక మనవాళ్ళ సంగతి. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్‌కు నక్షత్రాల పిచ్చి. 1901లో సొంత డబ్బుతో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం ఆ అబ్జర్వేటరీని తీసుకుని బేగంపేటలో పెట్టింది. కుక్ కంపెనీ తయారుచేసిన 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్ కూడా అక్కడికి చేరింది. మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా ఉన్న ఆకాశపు పట్టీ మొదట చిలీ దేశంలోని సాంటియాగోకు కేటాయించారు. అక్కడ పని సాగలేదు. ఆ పట్టీ బేగంపేట నెత్తిన పడింది. లెన్సు ఒప్పందంలో చెప్పిన దానికంటే చిన్నదే అయినా, పని మాత్రం ఒప్పందం లెక్కలోనే నడిచింది.

1918లో డైరెక్టర్ పోకాక్ చనిపోయాక టి.పి. భాస్కరన్ గారు పగ్గాలు తీసుకుని 1944 దాకా నడిపారు. రాత్రి ప్లేటు తీయడం, పగలు సూక్ష్మదర్శినిలో ఒక్కొక్క చుక్కను గళ్ళలో కొలిచి రిజిస్టర్లో ఎక్కించడం, అంతే. గుమాస్తా పని అని ఎవరైనా నవ్వుతారేమో. ఏళ్ళ తరబడి ఒకే తీరుగా రిజిస్టరు రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు. దక్షిణపు పట్టీ పూర్తవుతుండగా జర్మనీలోని పోట్స్‌డామ్ తన పట్టీని మధ్యలో వదిలేసింది. అందులో ప్లస్ 36 నుంచి 39 డిగ్రీల భాగాన్ని కూడా హైదరాబాదే తీసుకుంది. కొలత ఒకటే కాబట్టి యూరప్‌వాళ్ళు వదిలిన పని బేగంపేటలో కొనసాగించడానికి అడ్డం రాలేదు. మొత్తం పన్నెండు సంపుటాలు అచ్చయ్యాయి. తెల్లవాళ్ళ సరుకు అన్న పెద్దమనిషి ఇది గమనించాలి. లెన్సు వాళ్ళదే, పని పూర్తిచేసింది మాత్రం ఇక్కడివాళ్ళు.

ఆ అబ్జర్వేటరీలో పనిచేసినాయన కొడుకే వేణు బాప్పు. హైదరాబాద్‌లో పెరిగాడు. తర్వాత కావలూరు అబ్జర్వేటరీని నిలబెట్టింది ఆయనే. వాణియంబాడి స్టేషన్లో దిగి కొండల్లోకి వెళ్ళాలి. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు. నేను చదివిన తమిళ బడి పుస్తకాల్లో టెలిస్కోపును తొలైనోక్కి అనేవారు, దూరాన్ని చూసేది అని. ఇప్పుడు ఆ తొలైనోక్కినే దూరం నుంచి చూసుకునే రోజులు వచ్చాయి.

దూరం నుంచి నడపడం అంటే మోటారుకు తీగ కట్టడం కాదు. సింగిల్ లైన్ మీద నీల్స్ టోకెన్ పెట్టెలు గుర్తున్నాయా? అవతలి స్టేషన్ మాస్టరు ఒప్పుకుంటే తప్ప ఇవతల టోకెన్ బయటికి రాదు. రెండు చివర్లా ఒకే రకం పెట్టె ఉండబట్టే అది సాధ్యం. టెలిస్కోపుకూ అంతే. ఇరుసు ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడరు, సరైన టైము ఇచ్చే గడియారం, గాలి, తేమ, వాన పసిగట్టే పరికరాలు అన్నిచోట్లా ఒకే భాష మాట్లాడాలి. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. పాత సెమాఫోర్ సిగ్నలు తీగ తెగితే రెక్క దానంతట అదే ప్రమాద స్థితికి వచ్చేస్తుంది. అలాగే ఆపరేటరుతో లింకు తెగినా, వాన మొదలైనా ఎవరి ఆజ్ఞ కోసమూ చూడకుండా డోము మూసుకోవాలి. అద్దం తడిస్తే లక్షల నష్టం. ఇది కుదరనంత కాలం మనిషి కొండమీదే కాపలా ఉండాలి.

1995లో గాంగ్ అనే సౌర పరిశీలన నెట్‌వర్క్ మొదలైంది. ఆరు చోట్ల అచ్చు ఒకేలాంటి పరికరాలు, అందులో ఒకటి మన ఉదయ్‌పూర్‌లో. సూర్యుడు ఒక చోట అస్తమిస్తే ఇంకో చోటి పరికరం అందుకుంటుంది. లాస్ కుంబ్రెస్ అనే సంస్థ ఒకే నమూనా టెలిస్కోపులను ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, చిలీ, అమెరికా వంటి చోట్ల పెట్టి ఒకే యంత్రంలాగా నడుపుతోంది. ఒక చోటికి సరిపోయే విడిభాగం ఇంకో చోటికీ సరిపోతుంది. మన దగ్గర పుణె జిల్లా ఖొడద్‌లో జి.ఎమ్.ఆర్.టి. ఉంది. 45 మీటర్ల డిష్‌లు 30, అన్నీ ఒకే నమూనా. డిష్‌డిష్‌కూ ఒక మనిషిని పెట్టరు, నడిపేదంతా ఒక్క కంట్రోల్ రూమ్ నుంచే.

హాన్లే ఎత్తు సుమారు 4500 మీటర్లు, ఊపిరి ఆడని చోటు. అక్కడి 2 మీటర్ల టెలిస్కోపు అమెరికాలోని టూసాన్‌లో తయారైంది. ఉపగ్రహం లింకు ద్వారా దాన్ని నడిపేది బెంగళూరు పక్కన హోసకోటె నుంచి. 2018లో అదే కొండమీద 0.7 మీటర్ల గ్రోత్ టెలిస్కోపు మనుషుల అవసరం లేకుండా తనంతట తానే పరిశీలించడం మొదలుపెట్టింది. 2024 అక్టోబర్ 4న ప్రారంభమైన 21 మీటర్ల మేస్ టెలిస్కోపును మాత్రం మనవాళ్ళే కట్టారు. బార్క్‌తో పాటు హైదరాబాద్ ఇ.సి.ఐ.ఎల్. చేయి కూడా అందులో ఉంది.

ఇక బేగంపేట రిజిస్టర్లు ఏమయ్యాయని అడుగుతారేమో. అమెరికా నేవల్ అబ్జర్వేటరీ వాళ్ళు పారిస్ ఒప్పందం పట్టీలన్నిటినీ కలిపి కంప్యూటర్లో ఎక్కించారు. 1989లో యూరప్‌వాళ్ళు పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలను ఆ పాత కొలతలతో పోల్చి, నక్షత్రాలు ఇన్నేళ్ళలో ఎంత జరిగాయో లెక్కకట్టారు. 25 లక్షల నక్షత్రాలతో టైకో-2 పట్టీ వచ్చింది 2000లో. హాన్లే టెలిస్కోపు మొదటిసారి ఆకాశాన్ని చూసిందీ ఆ ఏడాదే.