హుద్‌హుద్ కూల్చిన నీడ

మా హాస్టల్ రూంలో నలుగురం. ముగ్గురి ఇళ్లలో కాఫీ తోటే ఆధారం. అందుకే క్లాసులో వాతావరణ మార్పుకి ఆర్థికంగా సర్దుకోవడం అనే పాఠం చెప్పినప్పుడు మాకు పేరు తప్ప ఏదీ కొత్తగా అనిపించలేదు.

మన తాతలు పోడులో ఒకే పంట వేసేవాళ్లు కాదు. సామలు, చోళ్లు, కొర్రలు, కందులు కలిపి చల్లేవాళ్లు. వాన ముందే ఆగిపోతే సామలు చేతికొచ్చేవి, వెనకబడితే కందులు నిలబడేవి. అన్నీ పోయిన ఏడు మామిడి టెంకల అంబలి. చిక్కంతా సంతలోనే. కరువులో అప్పిచ్చిన షావుకారే మన పసుపుకి, చింతపండుకి రేటు చెప్పేవాడు. వానని తట్టుకున్న మనిషి తూకం దగ్గర ఓడిపోయేవాడన్నమాట. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది ఈ దోపిడీని ఆపడానికే.

తర్వాత కాఫీ వచ్చింది. 1960లలో అటవీ శాఖ తోటలు వేసింది, ఆ తర్వాత ఐటీడీఏ ద్వారా మన కుటుంబాలకి మొక్కలిచ్చారు. పోడు తగ్గించాలని సర్కారు ఉద్దేశం. పైన సిల్వర్ ఓక్ నీడ, దానికి మిరియాల తీగ, కింద కాఫీ. చేతికి డబ్బు వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం కూడా వచ్చాక సామలు దంచే ఓపిక ఎవరికుంటుంది? పెద్దవాళ్లని తప్పు పట్టట్లేదు, మేమూ ఆ అన్నం తినే పెరిగాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్. అప్పటికి మేం చిన్నపిల్లలం. సిల్వర్ ఓక్‌లు విరిగి కాఫీ మీద పడ్డాయి. నీడ, మిరియం, కాఫీ మూడూ ఒక్క రోజులో పోయాయి. సామలు పోతే వచ్చే ఏడు మళ్లీ చల్లుకోవచ్చు. కాఫీ మొక్క కాపుకే మూడు నాలుగేళ్లు, నీడ చెట్టుకి ఇంకా ఎక్కువ. మాలో ఒకడి అన్న ఆ ఏడే చదువు మానేసి కూలికెళ్లాడు. అదీ సర్దుబాటే, పాఠంలో మాత్రం లేదు.

2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ గింజ వాకిట్లో ఆరేటప్పుడు వాన పడితే బూజు పడుతుంది, రేటు కోస్తారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. పండుని పండుగానే కొనే చోట ఈ భయం కొనేవాళ్ల మీదికి పోతుంది. రేటు కన్నా ఇదే పెద్ద సంగతని మా అభిప్రాయం.

అదే 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. పట్నంలో సామల ధర చెబితే మా ఇంటి ముసలమ్మ నమ్మలేదు. విత్తనం ఇంకా ఎవరి దగ్గరుందో మాత్రం ఆమెకి తెలుసు.

సెలవులకి వెళ్లినప్పుడు మీ ఊళ్లో అడగండి: హుద్‌హుద్ తర్వాత సిల్వర్ ఓక్ మళ్లీ నాటారా, పనస, మామిడి కలిపారా? తెలిసింది ఇక్కడ రాయండి.